ముప్పై మూడు పాయింట్ ఏడు లీటర్ల ఏసుదాసు

నేను దస్తావేజు లేఖరిని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటున్నాను. ఇన్నేళ్ళలో నా చేత్తో నింపిన ఏ దరఖాస్తులోనూ ఒక్క గడి ఖాళీగా పోలేదు. వర్తించనిచోట వర్తించదని రాస్తాను, వర్తిస్తే వివరంగా రాస్తాను, అనుమానంగా ఉంటే ఇంకాస్త వివరంగా రాస్తాను. ఖాళీ గడి కంట్లో పడితే నాకు అన్నం సయించదు. ఈ గుణం మూలంగానే మా ఏసుదాసు నాలుగు రోజులు మెడలో ఎర్రబోర్డు వేసుకుని ఊరంతా తిరిగాడు. తప్పు నాదేనని ముందుగా ఒప్పేసుకుంటే చెప్పడం తేలిక.

ఏసుదాసు గూడ్సు బండి గార్డు. మా పరిచయం ఆట దగ్గర. మా ఊరి పురపాలక గ్రంథాలయం మేడ మీద ఒక గది ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ముగ్గురం అక్కడ బల్ల చుట్టూ చేరతాం. ఆట నడిపేది ఇందుమతి గారు, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆవిడ కథ చెబుతుంది, మేం అందులో మనుషులం. ఏం చేయబోతున్నామో మేం నోటితో చెబుతాం, అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అందులో నేను మూడు వందల ఏళ్ళ మరుగుజ్జు కమ్మరిని, గడ్డాల గంటయ్యని. ఇంట్లో గోడకి మేకు కొట్టడం రాని వాడికి ఇదేం పోయేకాలమని మా ఆవిడ అంటూ ఉంటుంది. ఏసుదాసు జోగన్న అనే దొంగ. బయట ఎవరి టీ డబ్బులైనా తనే ఇచ్చేసే మనిషి, ఆటలోకి దిగాడంటే రాజుగారి మొలతాడు కూడా వదలడు.

మూడేళ్ళుగా ఒకటే కథ. ఒక రాక్షసుడు దేశంలోని వానని ఎత్తుకుపోయి తన కోటలో ఇనపతలుపు వెనక పెట్టేశాడు. అడవులూ ఇసక మేటలూ దాటి, రెండు గాడిదల్నీ నా ఎడమ చెవినీ పోగొట్టుకుని, ఎట్టకేలకు ఆ తలుపు దాకా చేరాం. తలుపుకి తాళం లేదు, గొళ్ళెం లేదు, సందు లేదు. నా సుత్తి రెండు ముక్కలయ్యింది. సరిగ్గా అప్పుడే ఏసుదాసుకి గుంతకల్లు బదిలీ వచ్చింది. సోమవారం బండెక్కాలి. మధ్యలో ఒకే ఒక్క ఆదివారం మిగిలింది.

"ఆ వానేదో విడిపించేసి మరీ వెళ్తాను బాబాయ్. లేపోతే అక్కడ నాకు ముద్ద దిగదు" అన్నాడు.

అతనికోసం ఇందుమతి గారు కొత్త మంత్రం ఒకటి కట్టింది. పేరు ద్రావకావతారం. చదివినవాడు పది నిమిషాలపాటు నిలువునా యాసిడ్ అయిపోతాడు, పారతాడు, ఇనుముని తింటాడు, మళ్ళీ మనిషవుతాడు. వేరెవరైనా అక్కడితో ఆపేసేవారు. ఆవిడ కెమిస్ట్రీ చెప్పే మనిషి. ఏ యాసిడ్, ఎంత గాఢత, మనిషి బరువంతా ఎక్కడికి పోతుంది అన్నవి తేలకుండా ఆవిడకి నిద్ర పట్టదు. ఏసుదాసుని స్టేషన్లో పార్సిళ్ళు తూచే కాటా మీద నిలబెట్టింది. అరవై రెండు కిలోలు. గంధకామ్లం, తొంభై ఎనిమిది శాతం. భాగిస్తే ముప్పై మూడు పాయింట్ ఏడు లీటర్లు.

"ఇంత గాఢంగా ఉంటే ఇనుముకి ఏమీ కాదండి కామేశం గారూ. నీళ్ళు కలవాలి. తలుపు వెనక వాన ఉంది కాబట్టి ఇనుముకి చెమటలు పడుతుంటాయి. అదే మనకి ఆధారం" అంది నాతో ఎంతో తృప్తిగా.

మంత్రం చివర ఒక నియమం కూడా పెట్టింది. తిరిగి మారేటప్పుడు పాచిక ఓడితే మనిషి రూపం వస్తుంది కాని ద్రావకం ఒంట్లోనే నిలిచిపోతుంది. మళ్ళీ పాచిక వెయ్యాలంటే నెల గడవాలి, అదే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఆ వారమే పురపాలక సంఘం వారికి కొత్త ఆలోచన పుట్టింది. తమ గదుల్లో కూడే ప్రతి సంఘమూ, భజన దగ్గర్నుంచి చదరంగం దాకా, ప్రజా సమావేశ భద్రతా దరఖాస్తు సమర్పించవలెను. ముప్పై ఒక్క గడులు. మిగతా ఇద్దరూ నా మొహం చూశారు. నాకు పండగే. మొదటి పదమూడు గడులూ కాఫీ చల్లారేలోపు నింపేశాను. పద్నాలుగో గడి: సమావేశములో ప్రమాదకర ద్రవ్యములు ఏవైనను కలవా, కలిగినచో పేరు, గాఢత, పరిమాణము. వర్తించదని రాయడానికి పెన్ను ఆనించాను కూడా. కాని వివరాలన్నీ లెక్క కట్టి నా ఎదురుగానే ఉన్నాయి. ఉన్న వివరం రాయకుండా వదలడం నా వల్ల కాలేదు. గంధకామ్లం, తొంభై ఎనిమిది శాతం, ముప్పై మూడు పాయింట్ ఏడు లీటర్లు, మంత్రం ద్వారా, పది నిమిషాలు మాత్రమే, అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

బుధవారం పొద్దున్నే గది తలుపుకి లక్క సీలు పడింది. కింద జిల్లా ద్రావక నియంత్రణ శాఖ వారి తాఖీదు అంటించి ఉంది.

దుకాణాల్లో యాసిడ్ అడ్డూ అదుపూ లేకుండా అమ్మకూడదన్న చట్టం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ శాఖ జిల్లా అధికారి పానకాలరావు గారు కూడా మంచివారే. ఆయన మంచివారని ఊళ్ళో అందరూ అంటారు, ఆయన సంతకం కోసం తిరుగుతున్నవాళ్ళు తప్ప. మేం ముగ్గురం వెళ్ళేసరికి మా దరఖాస్తునే చదువుతున్నారు. పక్కన సూపరింటెండెంటు భ్రమరాంబ గారు ఫైలు దారం ముడి విప్పుతున్నారు.

"కూర్చోండి. ముప్పై మూడు పాయింట్ ఏడు లీటర్లు. జిల్లాలో ఎరువుల ఫ్యాక్టరీ తరవాత మీరేనండి" అన్నారు పానకాలరావు గారు, కొంచెం గౌరవంగానే.

"అది నిజం యాసిడ్ కాదండి. ఆటలో మంత్రం" అంది ఇందుమతి గారు.

"మంత్రం అన్నది తయారీ విధానమమ్మా. తయారీ విధానం పరిశ్రమల శాఖ చూసుకుంటుంది. మా పరిధి నిల్వ."

"నిల్వే లేదండి. అంతా ఊహ."

"ఊహలో నిల్వ అని రాసుకోండి భ్రమరాంబ గారూ."

భ్రమరాంబ గారు రాసుకున్నారు. నేను కల్పించుకుని, లేని పదార్థానికి లైసెన్సు ఎలాగండీ అని అడిగాను. పానకాలరావు గారు నొచ్చుకోలేదు. బీరువాలోంచి పాత ఫైలు తెప్పించి నా ముందు పెట్టారు. పోయిన శివరాత్రికి నాటక సమాజం వారు క్షీరసాగర మథనం ఆడారట. అందులో హాలాహలం ఉంది. శాఖ తాత్కాలిక అనుమతి ఇచ్చింది. పరిమాణం: ఒక గుక్క. నిల్వ స్థలం: కంఠం. కిందికి దిగనివ్వబోమని వేషధారి హామీపత్రం కూడా జతచేసి ఉంది. ఆ హామీపత్రం భాష చూసి నాకే ముచ్చటేసింది.

"పూర్వ దృష్టాంతం ఉందండి. కాబట్టి మీకూ ఇస్తాం. భౌతిక తనిఖీ జరిగాక. నిల్వ పాత్ర గాజుదా, పింగాణీదా?" అన్నారాయన.

ఏసుదాసు గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండి ఆయ్."

"మీరంటే?"

"మంత్రం చదవగానే యాసిడ్ అయిపోయేది నేనేనండి. అందాకా అది ఉండేది కూడా నాలోనేనండి."

పానకాలరావు గారు కళ్ళజోడు తీసి అతన్ని కింద నుంచి పైదాకా చూశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం ఆయన మొహంలో ఎవరూ చూసి ఉండరు.

"అంటే పాత్రా, పదార్థమూ ఒకటే. మా శాఖలో ఇంతవరకూ రాలేదిది. నిబంధన ఏడు ప్రకారం పాత్ర మీద హెచ్చరిక ఉండవలెను. భ్రమరాంబ గారూ, ఆ బోర్డోటి తెప్పించండి."

బోర్డు వచ్చింది. ఎర్రరేకు మీద తెల్ల పుర్రె, కింద నాలుగు ముక్కలు: ప్రమాదం, యాసిడ్, తొంభై ఎనిమిది శాతం, తలకిందులుగా ఉంచరాదు. పురికొసతో ఏసుదాసు మెడలో వేశారు. తనిఖీ ముగిసేదాకా తీయకూడదు. తీస్తే మేడ మీది గది ఆదివారం తెరుచుకోదు. తెరుచుకోకపోతే వాన లోపలే ఉండిపోతుంది, ఏసుదాసు వెళ్ళిపోతాడు. అందుకని అతను కిక్కురుమనలేదు.

ఆ నాలుగు రోజులూ ఏసుదాసుకి బాగానే గడిచాయని చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద బెంచీ మొత్తం అతనికే దొరికేది. టీ కొట్టు సూర్రావు మాత్రం భయపడలేదు, గాజుకి ఫర్వాలేదంట కదండీ అంటూ గ్లాసు నిండా పోశాడు. గురువారం నుంచి అగ్నిమాపక దళం వాళ్ళు ఇద్దరు చెరో ఇసక బకెట్టుతో అతని వెనకే నడవడం మొదలెట్టారు. ఖాళీగా ఉండలేక వాళ్ళే అతని సామానంతా మూటలు కట్టి, మంచం విప్పి, వంటగిన్నెలు గోనెసంచుల్లో సర్దిపెట్టారు. బదిలీకి ఇంత సాయం నా జన్మలో ఎరగను బాబాయ్ అన్నాడు ఏసుదాసు.

ఆదివారం రెండింటికి పానకాలరావు గారు స్వయంగా వచ్చారు. భ్రమరాంబ గారు ముద్రల పెట్టె పట్టుకొచ్చారు. సీలు తీశారు. బల్ల దగ్గర కూర్చోగానే పానకాలరావు గారు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, పదార్థం చూపించండి అన్నారు.

"పదార్థం కోటలో తలుపు ముందు తయారవుతుందండి. చూడాలంటే మీరూ కోటలోకి రావాలి" అంది ఇందుమతి గారు.

"వస్తాను. ఎటు?"

"ఊరికే రాకూడదండి. మీకో వేషం ఉండాలి. మాంత్రికుడా, విలుకాడా?"

ఆయన ఎంతోసేపు ఆలోచించలేదు. "జిల్లా ద్రావక నియంత్రణాధికారి" అన్నారు.

ఇందుమతి గారు కాగితం మీద అలాగే రాసింది. బలం నాలుగు, వేగం రెండు, పట్టుదల ఇరవై.

కోట ద్వారం దగ్గర కాపలా రాక్షసుడు అడ్డుపడ్డాడు. ఆ గొంతు కూడా ఇందుమతి గారిదే. ప్రవేశం కోరువారు ముప్పై ఒక్క గడుల పత్రము మూడు ప్రతులుగా దాఖలు చేయవలెను అన్నాడు రాక్షసుడు. మేం ఆయన మొహం చూడలేక తల వంచుకున్నాం. పానకాలరావు గారికి మాత్రం ప్రాణం లేచి వచ్చింది.

"పద్ధతి గల కోటండి. కామేశం గారూ, రాయండి."

రాశాను. లోపలికి పోనిచ్చాడు. చివరి మలుపులో, ఇనపతలుపుకి పది బారల ఇవతల, ఒక ముసలమ్మ ఖాళీ బిందె పెట్టుకుని కూర్చుని ఉందని ఇందుమతి గారు చెప్పింది. ముసలమ్మ మా ఇద్దరి వంకా చూడలేదట. బోర్డు పెట్టుకుని తిరిగే మనిషినీ, గడ్డం మరుగుజ్జునీ దాటి, ఫైలు పట్టుకున్న మనిషి దగ్గరికి వచ్చిందట.

"దొరా, నువ్వు ఆఫీసరువంట గదా. వానెప్పుడొస్తాది?"

పానకాలరావు గారు అలవాటు మీద జవాబిచ్చేశారు. "పరిశీలనలో ఉందమ్మా."

"ఎన్నాళ్ళ మట్టీ?"

ఆయన మా వైపు చూశారు. "మూడేళ్ళండి" అన్నాడు ఏసుదాసు మెల్లిగా.

పానకాలరావు గారు చేతి తొడుగులు తీసేసి మంచినీళ్ళు తాగారు. తరవాత మామూలు గొంతుతో, మీ మంత్రం చదవండి అన్నారు.

"లైసెన్సు లేకుండా చదవకూడదు కదండీ" అన్నాడు ఏసుదాసు బోర్డు సర్దుకుంటూ.

"తనిఖీ అయ్యాకే లైసెన్సు."

"మంత్రం చదివితేనే కదండీ తనిఖీ" అంది ఇందుమతి గారు. "కోటలో పొద్దు వాలిపోతోందండి. వాలాక తలుపు రాయైపోతుంది. మరి యాసిడ్ కూడా పనిచెయ్యదు."

పానకాలరావు గారి నుదుటి మీద చెమట పట్టింది. బిందె ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగారు. ఉందని చెప్పింది. ఆయన భ్రమరాంబ గారి వైపు తిరిగి, ఏం చేద్దామండీ అన్నారు. తన కింది ఉద్యోగిని ఆయన అలా అడగడం ఆవిడ ఎప్పుడూ విని ఉండరు.

"హాలాహలం వాళ్ళకి తాత్కాలికం ఇచ్చాం కదండీ. అదే నమూనాలో ఇచ్చేయొచ్చండి. కంఠం కొట్టేసి ఏసుదాసని రాస్తే సరి."

ఆయన సంతకం పెట్టారు. ఆవిడ ముద్ర గుద్దారు. ఆ గుద్దుకి బల్ల మీద పాచిక ఎగిరి పడింది.

ఏసుదాసు పాచిక చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. పన్నెండు దాటాలి. పద్నాలుగు పడింది. జోగన్న నిలువునా కరిగి, రాతిగచ్చు మీద నూనెలా పాకుతూ వెళ్ళి తలుపు అడుగున చేరాడు. మొదట ఏమీ కాలేదు. తరవాత ఇనుము చెమట ఒక్కొక్క బొట్టే జారి అతనిలో కలిసింది. పొగ లేచింది. తలుపు అడుగు నుంచి తినడం మొదలెట్టాడు. అరచేతి మందం ఇనుము పిప్పైపోయింది, రంధ్రం పడింది, మూడేళ్ళ వాన ఒక్కసారిగా బయటికి దూకింది. ఇందుమతి గారు ఏమీ దాచుకోకుండా చెప్పింది: కోట మీద, ఇసక మేటల మీద, మా పోయిన గాడిదల ఎముకల మీద, ముసలమ్మ బిందెలో. పానకాలరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు పొడిగానే ఉన్నాయి, నేను చూశాను.

ఇక తిరిగి మనిషి కావడం. పది దాటితే చాలు. ఏసుదాసు నవ్వుతూ విసిరాడు. పాచిక బల్ల దిగి బీరువా కిందికి పోయింది. భ్రమరాంబ గారు వంగి చూసి, మూడండి అన్నారు.

మనిషి రూపం వచ్చింది, ద్రావకం ఒంట్లోనే ఉండిపోయింది. మళ్ళీ పాచిక నెల తరవాత, ఇదే బల్ల దగ్గర. ఆ నియమం రాసిన ఇందుమతి గారే దాని వంక కోపంగా చూసింది, కాని చెరపలేదు. చెరిపితే అది ఆట కాదు. నాకైతే ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వాన విడిపించాం గాని జోగన్నని విడిపించలేకపోయాం, రేపు ఏసుదాసు ఆరు వందల కిలోమీటర్ల అవతల ఉంటాడు. పానకాలరావు గారు ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి స్టేషన్‌కి వెళ్ళాం. ఇసక బకెట్ల వాళ్ళు సామాను ఎక్కించేశారు. ఏసుదాసు బోర్డు తీసి చేతిలో పట్టుకుని, దీన్ని ఆఫీసులో ఇచ్చెయ్యి బాబాయ్ అంటుండగా, వంతెన మెట్ల మీంచి పానకాలరావు గారు పరుగులాంటి నడకతో వచ్చారు. వెనక భ్రమరాంబ గారు ముద్రల పెట్టెతో ఉన్నారు.

"ఎవరు తియ్యమన్నారండీ అది? పదార్థం ఇంకా పాత్రలోనే ఉంది కదా. రవాణా పర్మిట్ లేకుండా జిల్లా ఎలా దాటిస్తారు?"

ఏసుదాసు కంగారుగా బోర్డు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. పానకాలరావు గారు ఆకుపచ్చ కాగితం తీసి, గొంతు పెంచి షరతులు చదివారు. సదరు పాత్రను కుదుపు లేని సీటులో కూర్చుండబెట్టవలెను. తలకిందులు చేయరాదు. తొమ్మిదో షరతు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు.

"సదరు పాత్ర ప్రతి నెలా రెండవ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు పురపాలక గ్రంథాలయం మేడ మీద, బల్ల ముందు, భౌతిక తనిఖీకి స్వయముగా హాజరు కావలెను. పదార్థము పూర్తిగా తొలగువరకు ఈ షరతు అమలులో ఉండును."

ఏసుదాసు ఆ కాగితం మీదికి వంగి చూశాడు. "మా డివిజన్ వాళ్ళు సెలవిస్తారాండి?"

"ఇవ్వకపోతే, ముప్పై మూడు పాయింట్ ఏడు లీటర్ల గాఢ యాసిడ్ తమ పరిధిలో తనిఖీ లేకుండా ఉందని వాళ్ళే రాసివ్వాలండి. అలా రాసిచ్చే అధికారి ఇంకా పుట్టలేదు."

తరవాత ఆయన ఇందుమతి గారి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించారు. "తనిఖీ అధికారిగా నేను కూడా రావాలనుకోండి. మరి ఆ వాన పంపిణీ సక్రమంగానే జరుగుతోందా అమ్మా? ఎగువ వాళ్ళు ఆపేసుకోవడం లేదు కదా?"

"అదే వచ్చే నెల కథండి" అంది ఇందుమతి గారు.

ఆ బండి గార్డు విజిలు వేశాడు. పానకాలరావు గారు పర్మిట్ నా చేతిలో పెట్టారు. చూశాను. అన్నీ నింపి ఉన్నాయి, ఒక్కటి తప్ప. పదార్థమును తరలించు ఉద్దేశము అన్న గడి ఖాళీగా ఉంది.

"అక్కడేం రాయాలో నాకు తోచలేదండి. మీరు రాయండి" అన్నారాయన, ఎటో చూస్తూ.

నేను జేబులోంచి పెన్ను తీశాను. ఏసుదాసు గుండెల మీది ఎర్రబోర్డుకే కాగితం ఆనించి, ఇరవై ఆరేళ్ళ అనుభవాన్నీ కూడదీసుకుని, ఉన్నంతలో పొందికైన అక్షరాలతో ఆ గడి నింపాను: తిరిగి తీసుకురావడం.